కువైట్ బుల్లిరాజు

“…మోటారు ఎంతసేపు తిరిగితే ఆ ట్యాంకు నిండుద్దో నీకేమైనా తెలుసా అని అడుగుతున్నాను.”

“తెలుసండి.”

“తెలిస్తే మరి ట్యాపెందుకు తిప్పుతావు? ఫోన్లో మాట్లాడ్డానికీ ట్యాపుకీ ఏంటి సంబంధం? హాల్లో కూర్చుని మాట్లాడొచ్చు, అరుగు మీద కూర్చుని మాట్లాడొచ్చు. బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని, ట్యాపు తిప్పుకుని ఫోను మాట్లాడే మనిషిని నిన్నే చూసేను.”

“కట్టేసేను కదండీ.”

“ఇప్పుడు కట్టేసేవు. రేపు మళ్ళీ తిప్పుతావు. అసలు నీళ్ళు పైకి ఎలా ఎక్కుతాయంటే…”

“ప్రశాంతి మీకు చెప్పమంది,” అంది భూలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంటూ. “పిల్లాడికి జ్వరం తగ్గిందంట.”

కూతురి కబురు విని బుల్లిరాజు తలాడించాడు గానీ నీళ్ళు పైకి ఎలా ఎక్కుతాయో చెప్పడం ఆపలేదు. గాలి, పైపు, వాల్వు, మోటారు లోపలి రెక్కలు. భూలక్ష్మి గుమ్మానికి ఆనుకుని నుంచుని విన్నది. ఆ మోటారు కొన్నది ఆమె డబ్బుతోనే. బిగించిన రోజు మెకానిక్ పక్కన నుంచుని చూసింది కూడా ఆమే. బుల్లిరాజు ఆ పూట ఊళ్ళో లేడు.

గేటు చప్పుడైంది. సత్యశ్రీ. బుల్లిరాజు చెల్లెలి కూతురు, ముప్ఫై దాటిన పిల్ల, కాలవ అవతల ఉంటుంది. లోపలికి రాకుండా గేటు పట్టుకుని నుంచుందంటే మోటారు సంగతి మొత్తం వినే ఉంటుంది.

“మావయ్యా, వీసా వచ్చిందండి,” అంది.

మోటారు అక్కడితో ఆగింది. బుల్లిరాజు భుజం మీది తువ్వాలు తీసి అరుగు దులిపాడు.

“కూర్చో అమ్మడూ. అన్నీ చెప్తాను.”

రాజోలు బస్టాండులో దిగి ఏ ఆటోవాణ్ణి అడిగినా కువైట్ బుల్లిరాజు ఇంటికి తీసుకొస్తాడు. బుల్లిరాజు కువైట్ ఎప్పుడూ వెళ్ళలేదు. హైదరాబాదు కూడా ఒక్కసారే వెళ్ళాడు, అదీ భూలక్ష్మిని విమానం ఎక్కించడానికి. వెళ్ళింది ఆవిడ. పదకొండేళ్ళు అక్కడి ఇళ్ళలో వండి, ఉతికి, తుడిచి వచ్చింది. అక్కణ్ణించి పూర్తిగా వచ్చేసిన రోజున బస్సు ముందే చేరింది. ఈయన ఇంకా బయల్దేరలేదు. రెండు పెట్టెలు పక్కన పెట్టుకుని నుంచున్న భూలక్ష్మిని ఆటోవాడు ఎక్కడికండీ అని అడిగితే, ఇంటిపేరు చెప్పింది, వీధి చెప్పింది, వాడికి తెలియలేదు. చివరికి, “కువైట్ బుల్లిరాజు గారింటికి,” అంది. “ముందే అలా చెప్పొచ్చు కదండీ, ఆయన చుట్టాలా?” అన్నాడు వాడు. ఈ సంగతి బుల్లిరాజు చాలా పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించాడు. భూలక్ష్మి కూడా నవ్వేది.

అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో చాలా కాలం గుమస్తా చేశాడు బుల్లిరాజు. అప్పట్నించీ ఆయనకి ఇది అలవాటు. ఉత్తరాది లారీ డ్రైవర్లకి వాళ్ళ ఊరు ఎలా వెళ్ళాలో చెప్పేవాడు. కాయలు వలిచేవాళ్ళకి కాయ ఎలా పట్టుకోవాలో చెప్పేవాడు. సూది వెయ్యడానికి వచ్చిన నర్సుకి సూది ఎక్కడ వెయ్యాలో చెప్పేవాడు. మగవాళ్ళు కాసేపు విని దారిన పోయేవారు. ఆడవాళ్ళు పెద్దాయన కదా అని చివరిదాకా వినేవారు. దాంతో వాళ్ళకి తెలియదు కాబట్టే వింటున్నారని ఆయనకి స్థిరపడిపోయింది.

చెడ్డవాడు కాడు. భూలక్ష్మి వెళ్ళిన కొత్తల్లో ప్రశాంతికి జడ వెయ్యడం రాక పక్కింటావిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. పిల్లకి రోజూ వేడిగా వండి పెట్టాడు. వేలెత్తి చూపించుకునే పని ఒక్కటీ చెయ్యలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి జడ ఎలా వెయ్యాలో పక్కింటావిడకే చెప్పడం మొదలెట్టాడు, అంతే.

ఆ ఏళ్ళల్లో శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చేది. అప్పుడు చైనా ఫోన్లుండేవి, స్పీకరు పెడితే మైకులా మోగేవి. శుక్రవారమంటే ఈ అరుగూ, ముందున్న వాకిలీ నిండిపోయేవి. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, దారిన పోయేవాళ్ళు. బుల్లిరాజు ఫోను అరుగు మధ్యలో పెట్టి, “చెప్పు, అందరూ వింటున్నారు,” అనేవాడు. భూలక్ష్మి చెప్పేది. బాగున్నాను, వాళ్ళు తినేదే నాకూ పెడతారు, ఏసీ ఉంది, పాస్‌పోర్టు మేడం బీరువాలో భద్రంగా ఉంది. ఫోను పెట్టేశాక ఆ నాలుగు మాటల్నీ బుల్లిరాజు సాయంత్రం దాకా వివరించేవాడు. ఆ వివరించడంలోనే ఆయన కువైట్ బుల్లిరాజయ్యాడు.

తర్వాత తర్వాత ఏజెంటు అబ్బులు, వీసా వచ్చిన ఆడవాళ్ళని విమానం ఎక్కే ముందు ఒకసారి ఈ అరుగు మీదికి తీసుకురావడం మొదలెట్టాడు. “ఆయ్, భయపడకండమ్మా, మా బుల్లిరాజు గారి దగ్గర ఒక్క గంట కూర్చోండి, అన్నీ ఆయనే చెప్తారు,” అనేవాడు. బుల్లిరాజు ఊరికే చెప్పేవాడు. టీ కూడా ఆయన ఇంట్లోదే.

భూలక్ష్మి వచ్చేశాక కూడా చెప్పేది ఆయనే. టీ పెట్టేది మాత్రం ఆవిడ.

*

“మరి నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు కదండీ,” అంది సత్యశ్రీ.

“అదేమీ కష్టం కాదు. మీ అత్తకి వచ్చా వెళ్ళినప్పుడు? వాళ్ళు ఇంట్లో మనిషిలా చూస్తారు. మనం తల వంచుకుని మన పని మనం చేసుకుంటే చాలు.”

సత్యశ్రీ అక్కడికి సరదాకి వెళ్ళడం లేదు. ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయింది. మొగుడు శివాజీ ఆటో తోలతాడు. రెండు వర్షాకాలాలుగా గోడల మీద టార్పాలిన్ కప్పుకుని ఉంటున్నారు. కూతురు ఐదో తరగతి. ఆ పిల్లని తన తల్లి దగ్గర వదిలి వెళ్ళాలి. వెళ్ళే ఇల్లు ఎలాంటిదో తెలియదనే ఆమె భయమంతా.

భూలక్ష్మి టీ తెచ్చింది. సత్యశ్రీ గ్లాసు అందుకుని, “అత్తా, మీరు చెప్పండి. మీకెలా ఉండేదండీ అక్కడ?” అంది.

“దానికేం తెలుసమ్మా,” అన్నాడు బుల్లిరాజు. “వంటింట్లో ఉండిపోయింది. గడప దాటి ఎరగదు. బయటి సంగతులన్నీ నేను కనుక్కునేవాణ్ణి కదా. పాస్‌పోర్టు వెళ్ళగానే మేడంకి ఇచ్చెయ్యి. వాళ్ళ బీరువాలో ఉంటేనే భద్రం.”

“పాస్‌పోర్టు…” అంది భూలక్ష్మి.

“నువ్వుండు.”

భూలక్ష్మి ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.

“ఇల్లంటే మన ఇళ్ళలా కాదు,” అని అందుకున్నాడు బుల్లిరాజు. “ఎంత పెద్ద హాళ్ళనుకున్నావు? కిందంతా పాలరాయి. మీ అత్త ఫోన్ చేస్తే గొంతు అలా మోగేది. గోడలు దూరంగా ఉంటే గొంతు వెళ్ళి తిరిగొస్తుంది.”

“అమ్మ కూడా చెప్పేదండి. వెనకాల నీళ్ళ చప్పుడు కూడా వచ్చేదంట కదా?”

“వచ్చేది. అదేంటంటే…”

లోపల ఫోను మోగింది. తలుపు పడింది. ట్యాపు తిరిగింది.

కిందటి నెలలోనే కొత్త బాత్రూంకి పైదాకా టైల్సు వేయించారు. అంతకు ముందు భూలక్ష్మి ఫోను వస్తే పెరట్లో చివరికెళ్ళి మాట్లాడేది. ఇప్పుడు టైల్సు మధ్య నించి, పడుతున్న నీళ్ళ మధ్య నించి ఆమె గొంతు అరుగు మీదికి వచ్చింది. మాటలు తెలియడం లేదు. గొంతు మోగుతోంది, అంతే. మోగి, కాస్త ఆగి, మళ్ళీ మోగుతోంది. ఆ గొంతు వెనక నీళ్ళు.

ఈ అరుగు మీద, ఇదే చోట, ఎన్నో శుక్రవారాలు విన్నాడు ఆ చప్పుడు.

బుల్లిరాజు చెయ్యి గాల్లో ఉండిపోయింది. పాలరాయి హాలు ఎంత వెడల్పు ఉంటుందో చూపించడానికి చాచిన చెయ్యి.

“ఏంటి మావయ్యా, ఆగిపోయేరు? ఏంటండీ ఆ నీళ్ళు?”

సత్యశ్రీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆయన మొహంలోకి చూస్తోంది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదని ఆయనకి అప్పుడే తెలుసు. తెలిసే అన్నాడు.

“ఫౌంటెనమ్మా. హాలు మధ్యలో ఫౌంటెనుండేది.”

“అమ్మో,” అని నవ్వింది సత్యశ్రీ. వెళ్తూ గేటు దగ్గర ఆగి, రేపు సాయంత్రం అబ్బులు గారొస్తున్నారనీ, వీసా స్టాంపింగుకి పాస్‌పోర్టు ఆయనకి ఇచ్చెయ్యాలనీ, అదేదో మావయ్య చేతుల మీదుగా ఇస్తే ధైర్యంగా ఉంటుందనీ చెప్పింది.

*

మధ్యాహ్నం భూలక్ష్మి వంటింట్లో కూర్చుని కొబ్బరి కోరుతోంది. బుల్లిరాజు గుమ్మంలో నుంచున్నాడు. మంచినీళ్ళు కావాలా అని చూసింది. కావాలనలేదు ఆయన.

“ఆ ఫౌంటెను…” అన్నాడు.

“ఏ ఫౌంటెనండి?”

“కువైట్లో. ఫోన్లో వినపడేది.”

భూలక్ష్మి చెయ్యి ఆగలేదు. “ఫౌంటెనని మీరే అన్నారండి. నేనెప్పుడూ అనలేదు.”

“మరేంటది?”

“ట్యాపు.”

కొబ్బరి చిప్ప తిప్పి రెండో పక్క కోరడం మొదలెట్టింది. ఆయన అక్కడే నుంచోవడం చూసి, అడిగిన దానికి జవాబు చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది. ఆ మొదటి ఇంట్లో పనివాళ్ళ దగ్గర ఫోనుండకూడదు. శ్రీలంక ఆవిడ ఒకామె పని మానేసి పోతూ తన పాత ఫోను ఇచ్చింది. దాన్ని వాషింగ్ మిషను వెనక దాచేది. శుక్రవారం అందరూ బయటికి వెళ్తే ముసలామె ఒక్కతే ఇంట్లో ఉండేది. ఆవిడకి వినపడకుండా ట్యాపు.

“ఏసీ గదన్నావు.”

“ఏసీ ఉందా అన్నారు మీరు. ఉందన్నాను. ఆ ఏసీకి బయట పెట్టె ఉంటుంది చూడండి, నేను పడుకునే బాల్కనీలోనే బిగించేరు దాన్ని. వేడిగాలంతా ఇటే వచ్చేది.”

“మధ్యలో మూడు నెలలు నువ్వు ఫోన్ చెయ్యలేదు. అక్కడ టవర్లు మారుస్తున్నారని…”

“అది కూడా మీరే అన్నారండి. ఫోను దొరికిపోయింది.”

దొరికిపోతే ఏం చేశారని అడగాలి. బుల్లిరాజు ఆ మాట నోటి దాకా తెచ్చుకుని అడగలేదు. ఆ మూడు నెలలూ తను ఈ అరుగు మీద కూర్చుని టవరు ఎంత ఎత్తుంటుందో, దాని సిగ్నలు సముద్రం మీద ఎలా వస్తుందో చెప్పాడు. శ్రద్ధగా చెప్పాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎవరికి చెప్పమంటారు? ఫోనెత్తితే ఊరంతా ఒక్కసారే బాగున్నావా అని అరిచేవారు. అందరికీ కలిపి బాగున్నాననేదాన్ని. ఒకసారి స్పీకరు తీసెయ్యండి అన్నాను. గుర్తుందా మీకు?”

“లేదు,” అన్నాడు బుల్లిరాజు.

గుర్తుంది. ఆ రోజు అరుగు మీద ఎవరెవరున్నారో కూడా గుర్తుంది. “స్పీకరు తీసెయ్యండోసారి,” అంది ఆమె. “ఇక్కడ పరాయివాళ్ళెవరున్నారే, చెప్పు,” అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నీళ్ళ చప్పుడు మాత్రం కాసేపు వినపడింది. తర్వాత ఆమె, “ఏం లేదండి. ఇవాళ కోడికూర వండేను,” అంది. ఆ సాయంత్రం కువైట్లో కోడి ఎలా కోస్తారో చెప్పాడు అందరికీ.

“పోనీ వచ్చేకైనా చెప్పొచ్చు కదా?”

“వచ్చేసరికి మీరు కువైట్ బుల్లిరాజైపోయేరు కదండీ.” ఎత్తిపొడుపుగా అనలేదు. “అందరూ మీ దగ్గరికొచ్చేవారు. మీరు సంతోషంగా ఉండేవారు. అయిపోయిన దాని గురించి ఇప్పుడెందుకులే అనుకున్నాను. కాలవ గట్టు పద్మశ్రీ కువైట్ వెళ్ళేటప్పుడు మాత్రం చెప్పబోయేను. నువ్వుండు అన్నారు మీరు. నేనుండిపోయేను. అది నా తప్పే.”

కోరిన కొబ్బరి గిన్నెలోకి ఎత్తి, చిప్పలు పెరట్లో వెయ్యడానికి లేచింది. బుల్లిరాజు గుమ్మంలోంచి తప్పుకుని దారిచ్చాడు.

*

పద్మశ్రీ కాలవ గట్టు మీద టిఫిన్ బండి నడుపుతుంది. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వేస్తుంది. నాలుగేళ్ళ కిందట అబ్బులే ఆమెని బుల్లిరాజు అరుగు మీదికి తీసుకొచ్చాడు. ఫౌంటెను సంగతి విని ఆమె కూడా అమ్మో అంది. ఏడాది తిరక్కుండా తిరిగొచ్చేసింది. మెట్ల మీద పడ్డానంది. ఎడం చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాచుకోదు. ఎందుకొచ్చేసిందని ఊళ్ళో అడిగితే ఆ జవాబు కూడా బుల్లిరాజే చెప్పాడు. “కొత్తల్లో ఎవరికైనా అలాగే ఉంటుంది. సర్దుకోవాలి. మా ఆవిడ సర్దుకోలేదా? ఇప్పటి పిల్లలకి ఓపిక లేదు.” ఆ మాట పెళ్ళివారు కూడా విన్నారని, పద్మశ్రీ చెల్లెలి సంబంధం ఒకటి అందుకే వెనక్కి పోయిందని ఎవరో అన్నారు. తన మాటకి అంత విలువుందా అని అప్పుడు లోపల కాస్త పొంగాడు కూడా.

అప్పట్నించీ పద్మశ్రీ ఆయన ఎదురుపడితే తల తిప్పుకుని పోతుంది. సిగ్గుపడుతోంది కాబోలనుకునేవాడు.

మర్నాడు పొద్దున్న బండి దగ్గరికి వెళ్ళాడు. ఎన్నడూ అక్కడ తినలేదు. పనసాకులు పుల్లలతో గుచ్చి బుట్టలు కట్టడానికి రెండు చేతులూ కావాలి, ఆ పని వాళ్ళమ్మ చేస్తోంది. పద్మశ్రీ కుడిచేత్తో పిండి పోస్తోంది. ఎడం చెయ్యి నడుముకి ఆనించి ఉంది.

ఏమనాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. తప్పయిందమ్మా, నాకు తెలియక అన్నాను. అంతే, రెండే ముక్కలు. బండి ముందు ఇద్దరు ముగ్గురు నుంచున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాడు. వెళ్ళారు.

“చెయ్యి ఎలా ఉందమ్మా?” అన్నాడు.

పద్మశ్రీ తలెత్తి చూసింది.

“కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, కిందనించి పైకి రాయాలి. పైనించి కిందకి రాస్తే పట్టేస్తుంది. నరం ఎలా ఉంటుందంటే…”

తన గొంతు తనకే వినపడి ఆగాడు. పద్మశ్రీ మొహంలో కోపం లేదు. ఎప్పుడూ వినే వాన చప్పుడు వింటున్నట్టుంది.

“ఆయ్,” అంది. “ఎన్ని కట్టమంటారండీ?”

కట్టించుకుని వచ్చేశాడు. ఆ పొట్లం ఇంటికి తెచ్చి భూలక్ష్మి చేతికిచ్చాడు. ఆమె ఆకు చూసి ఎక్కడివో గుర్తుపట్టింది. ఏమీ అడక్కుండా రెండు కంచాల్లో పెట్టింది. ఆయన తినలేకపోయాడు.

*

సాయంత్రం అబ్బులు స్కూటరు మీద వచ్చాడు. వెనకాలే శివాజీ ఆటోలో సత్యశ్రీ. ఆమె ఒళ్ళో ప్లాస్టిక్ కవరుంది, అందులో పాస్‌పోర్టు. ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు.

“మొదలెట్టండి బుల్లిరాజు గారూ,” అన్నాడు అబ్బులు. “మీరు చెబితే కలెక్టరు గారు చెప్పినట్టే. మా శివాజీ గారికి ఆ ఫౌంటెను సంగతి చెప్పండి ముందు. ఇంకా బెదురుగానే ఉన్నారు.”

ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలని మధ్యాహ్నమే నిశ్చయించుకున్నాడు బుల్లిరాజు. గొంతు సవరించుకున్నాడు.

“అది ఫౌంటెను కాదు అబ్బులూ. నాకు నిన్ననే తెలిసింది. బాత్రూం ట్యాపు అది. విషయమేంటంటే, గోడలకి టైల్సుంటే గొంతు తిరిగి కొడుతుంది. చిన్న గదైనా పెద్ద హాలులా వినపడుతుంది. అందులో నీళ్ళు పడుతుంటే ఆ చప్పుడు మాట మీద కమ్ముకుంటుంది. అందుకని ఆడవాళ్ళు అక్కడ ఏం చేస్తారంటే…”

అబ్బులు కళ్ళు చిట్లించాడు. శివాజీ ఫోను తీసి చూసుకుంటున్నాడు.

“ఇంక బాల్కనీ సంగతి. అక్కడ ఏసీ బయటి పెట్టె ఎలా బిగిస్తారంటే, గోడకి రెండు ఇనప కమ్మీలు…”

“ఏవండీ,” అంది భూలక్ష్మి. టీ పళ్ళెంతో గుమ్మంలో నుంచుంది.

“ఆ.”

“మీరు చెప్పేది నా సంగతే కదండీ?”

“నీ సంగతే.”

“అయితే మీరుండండి.”

బుల్లిరాజు చెయ్యి కిందకి దిగింది. ఆ అరుగు మీద నలుగురే పడతారు. ఆయన లేచాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక మెట్టు మీద కూర్చున్నాడు. భూలక్ష్మి పళ్ళెం పక్కన పెట్టి ఆయన కూర్చున్న చోట కూర్చుంది.

ఆమె తన కథేమీ చెప్పలేదు. సత్యశ్రీ వైపు తిరిగింది.

“నువ్వెళ్ళే ఇంట్లో ఇదివరకు చేసినావిడ ఎవరమ్మా?”

సత్యశ్రీ అబ్బులు వైపు చూసింది.

“అవన్నీ అక్కడ ఆఫీసువాళ్ళు చూసుకుంటారండి,” అన్నాడు అబ్బులు. “చాలా మంచి ఫ్యామిలీ.”

“పద్మశ్రీకీ మంచి ఫ్యామిలీ అనే చెప్పేరు.”

“ఆవిడ జాతకం అలా ఉంది, మనమేం చేస్తామండీ?”

“నీ దగ్గర ఫోనుండనిస్తారా సత్యా? నువ్వు పడుకునే గదికి లోపల గడియుందా? జీతం నీ చేతికిస్తారా, ఇంకెవరి చేతికైనానా?”

సత్యశ్రీ కవరు రెండు చేతులతో పట్టుకుంది. అబ్బులు నవ్వుతూ మెట్టు వైపు తిరిగాడు.

“చూడండి బుల్లిరాజు గారూ, ఆడవాళ్ళకి ప్రతిదీ భయమే. మీరు చెప్పండి. ఆవిడకి ఇవన్నీ తెలియవు గానీ…”

నిన్నటిదాకా ఇది బుల్లిరాజు అనే మాట. వేరేవాళ్ళ నోట వింటే ఎలా ఉంటుందో ఇప్పుడు విన్నాడు. నలుగురూ ఆయన వైపు చూశారు. సత్యశ్రీ కూడా.

“నేను కువైట్ ఎప్పుడూ వెళ్ళలేదు కదా అబ్బులూ,” అన్నాడు.

అది తెలియనివాళ్ళు అక్కడెవరూ లేరు. అయినా అబ్బులు నవ్వు ఆగిపోయింది.

“అందరికీ అలాగే అవుద్దేంటండీ అత్తయ్య గారూ?” అన్నాడు శివాజీ. ఆ గొంతులో కసురు లేదు. స్లాబు లేని ఇల్లుంది.

“అవ్వదు నాయనా. నా రెండో ఇల్లు మంచిది. ఆ మేడం ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ ఇంటికి వెళ్ళే ముందు అక్కడ చేసినావిణ్ణి కనుక్కుని, అన్నీ అడిగి వెళ్ళేను. మొదటి ఇంటికి ఎవర్నీ అడక్కుండా వెళ్ళేను. అంతే తేడా.”

అబ్బులు గడియారం చూసుకున్నాడు. “రేపు హైదరాబాదు పంపకపోతే స్టాంపింగు దాటిపోతుందండి. పాస్‌పోర్టు ఇలా ఇప్పించండి. మిగతావి ఫోన్లో మాట్లాడుకుందాం.” చెయ్యి చాచాడు.

“ఇచ్చెయ్ సత్యా,” అన్నాడు శివాజీ, అంత గట్టిగా కాదు.

సత్యశ్రీ కవరు ఎత్తింది. అబ్బులు చేతి దాకా తీసుకెళ్ళలేదు. మెట్టు మీదున్న మావయ్య వైపు చూసింది. బుల్లిరాజుకి చెప్పాల్సిన మాటలు ఎన్నో ఒక్కసారే వచ్చాయి. పెదాలు బిగించుకుని తువ్వాలు మడత పెట్టాడు. ఆమె తిరిగి, కవరు భూలక్ష్మి ఒళ్ళో పెట్టింది.

భూలక్ష్మి దాన్ని తీసి చీర కుచ్చెళ్ళ పక్కన అరుగు మీద పెట్టుకుని, టీ గ్లాసులు ఒక్కొక్కటీ అందరికీ అందించింది. చివరి గ్లాసు బుల్లిరాజుకి ఇచ్చింది.

“రేపు పొద్దున్న నేనూ సత్యా పద్మశ్రీ దగ్గరికి వెళ్తున్నాం,” అంది. “పాస్‌పోర్టు సంగతి వచ్చేక సత్యే చెబుతుంది. మీరెవరూ రావద్దు.”